ఆగిన పడవకు ఒకటే దీపం

అమీర్‌పేట చుట్టుపక్కల నా చెయ్యి పడకుండా పెళ్లింటికి లైటు వెలగదు. గొప్పలు కాదు, ఉన్నమాట. మెట్రో స్టేషను వెనక సందులో పైన మూడంతస్తులు కంప్యూటర్ కోచింగులు, కింద జిరాక్సు షాపు, దాని పక్కన నాది. బోర్డు మీద రాజనర్సయ్య లైటింగ్ అని ఉంటుంది. జనం మాత్రం లైట్ల నర్సన్న అంటారు. శ్రీనగర్ కాలనీలో గృహప్రవేశాలు, బంజారా హిల్స్‌లో సంగీత్‌లు, పంజగుట్టలో వినాయక మండపాలు, అన్నీ నేను చేసినవే. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల లైట్లు పెట్టానో నాకే తెలియదు. ఇంకొకరు పెట్టింది తీసింది మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటి తీసినందుకు ఒక మనిషి చచ్చిపోయాడు.

ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి, కాదనను. కానీ మొత్తం విన్నాక తిట్టుకోండి.

నిరుడు నవంబరులో వంశీధర్ అనే ఫోటోగ్రాఫర్ ఫోన్ చేశాడు. కుర్రాడికి కెమెరా కంటే నోరు పెద్దది. ఈ మధ్య పెళ్లికి ముందే జంటని ఎక్కడెక్కడో నిలబెట్టి వీడియోలు తీస్తున్నారు కదా, అలాంటి పని. ఊరి అవతల ఒక రిసార్టు, దానికి పెద్ద చెరువు, చెరువులో ఒక తెరచాప పడవ. "పడవ మొత్తం లైట్లు కావాలె అన్నా. నీళ్లల్ల నీడ పడాలె. సుక్కలన్నీ కిందికి దిగినట్టుండాలె," అన్నాడు. పడవకి నేనెప్పుడూ లైట్లు పెట్టలేదు. అయితే ఏంటట? పెళ్లి బస్సుకి పెట్టాను, ముప్ఫై అడుగుల వినాయకుడి కిరీటానికి పెట్టాను, ముష్టి పడవ ఓ లెక్కా అనుకున్నాను.

ఆ పడవ నడిపే మనిషి పేరు కామరాజు. కాకినాడ వైపు నుంచి వచ్చినవాడు. చేపల లాంచీల మీద సగం జీవితం గడిపి, చివరికి ఈ చెరువు దగ్గర తేలాడు. యాభై దాటాయి, సన్నటి మనిషి, మాట మరీ మెత్తన. సాయంత్రం ఐదున్నరకి జంటనీ వంశీధర్‌నీ నన్నూ ఎక్కించుకుని పడవని చెరువు మధ్యకి తీసుకెళ్లి లంగరు దింపాడు. సూర్యుడు అటు కుంగాడో లేదో, ఒక గుండ్రటి తెల్ల దీపం తెచ్చి, ముందువైపు తాడుకి మనిషి తలకన్నా మూరెడు ఎత్తులో వేలాడగట్టాడు. నాకు నవ్వొచ్చింది.

"గింత పడవకు ఒకటే బల్బా భాయ్? నాకు చెప్తే వెయ్యి పెడ్తుంటి గదా," అన్నాను.

"లంగరేసిన పడవకి ఒకటేనండి. తెల్లది. చుట్టూ ఎటు నుంచి చూసినా కనబడాలి. పొద్దుగూకిన కాడి నుంచి మళ్లీ తెల్లారేదాకా వెలుగుతానే ఉండాలి. రూలండి అది," అన్నాడు.

"మరి ఆ స్తంభం మీద, కొసకు పెట్టరాదు? ఊరంత కనబడ్తది."

"కొస మీద పెడితే ఒడ్డున ఉన్న లైట్లలో కలిసిపోద్దండి. దగ్గరికొచ్చేసిన చిన్న బోటోడు మెడెత్తి పైకి చూస్తాడేంటండీ? వాడి కంటికి ఎదురుగా ఉండాలి."

పడవ ముక్కుకి ఇటొకటి అటొకటి చిన్న దీపాలున్నాయి. ఎడమవైపుది ఎరుపు, కుడివైపుది పచ్చ. అవెందుకు ఆర్పేశావని అడిగాను. "అవి నడిచేటప్పుడండి. ఆగిన పడవకి అవి వెలిగితే, ఎదుటోడు ఇది కదులుతోందనుకుంటాడు. ప్రాణాల మీదికొస్తది," అన్నాడు. విన్నాను. చెవులతో విన్నాను. బుర్రకి ఎక్కించుకుంటేగా!

తర్వాత పెళ్లికూతురి రెండో డ్రెస్సు ఒడ్డున మరిచిపోయారంటే, కామరాజు చిన్న తెడ్డు పడవ వేసుకుని తేవడానికి వెళ్లాడు. ఆ సమయంలోనే నేను నా పని చేసుకున్నాను. మా వృత్తిలో ఒక అలవాటుంది. ఏ ఇంటికి వెళ్లినా ముందు రంగు చూస్తాం. పెళ్లికూతురి పట్టుచీర రంగు అడిగి మండపానికి సీరియళ్లు, అంటే చిన్న బల్బుల దండలు కడతాం. దేనికైనా మ్యాచింగ్ ఉండాలి, లేకపోతే పనివాడే కాదంటారు. పడవకి ఎడమన ఎరుపు, కుడిన పచ్చ ఉన్నాయి కదా, దీని సొంత రంగులు ఇవేనన్నమాట అనుకుని, ఎడమ పక్క పొడుగునా ఎర్ర సీరియళ్లు, కుడి పక్క పొడుగునా పచ్చ సీరియళ్లు కట్టాను. కామరాజు చెప్పింది ఆ రెండు చిన్న దీపాల గురించి అనుకున్నానే తప్ప, నా సీరియళ్లకి కూడా అదే వర్తిస్తుందని తట్టలేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం నాది, నా తలకాయ!

వెలిగించాను. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. వంశీధర్ కెమెరా పెట్టి చూసి మొహం ముడిచాడు. "అన్నా, గా తెల్ల లైటు నడిమిట్ల కొడ్తుంది. ఫ్రేమంత ఖరాబ్ అయితుంది. జర తీసెయ్," అన్నాడు. అతను చెప్పాడు, నేను తీశాను. తీసి, పక్కన పెట్టడానికి చోటు లేక నా వైర్ల సంచిలో వేసుకున్నాను.

కామరాజు తిరిగి వచ్చి పడవ ఎక్కుతూనే కంగారుపడ్డాడు. "అయ్యబాబోయ్, ఇదేంటండీ నర్సయ్యగారూ! దీపమేదండీ? ఈ ఎరుపూ పచ్చా ఏంటండీ?" అన్నాడు. "ఒక్క షాట్ భాయ్, అయిపోయినంక మల్ల కడ్తా," అన్నాను. అతను ఇంకేం వాదించలేదు. కస్టమర్లతో వాదించే రకం కాదు. జంట ముందువైపు నిలబడి ఉన్నారని, తను వెనక చివరికి వెళ్లి, సెల్‌ఫోన్‌లో టార్చి వేసి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

వంశీధర్ గొంతు చించుకున్నాడు, ఆ లైటు ఆపమని. కామరాజు ఆపలేదు. అప్పుడు నేను, అవును నేనే, విసుగ్గా అరిచాను. "ఒక్క నిమిషం ఆగరాదయ్యా! ఏం కొంపలు మునుగుతున్నయ్?"

"సరేనండి, ఒక్క నిమిషమేనండి," అని కామరాజు ఫోన్‌ని దించి చొక్కా లోపల పెట్టుకుని, చేత్తో అదిమి పట్టుకున్నాడు. గుడ్డ చాటున తెల్లగా కనబడుతూనే ఉంది.

ఆ నిమిషంలోనే రిసార్టు వాళ్ల మోటారు బోటు వచ్చింది. మాకు కుడివైపు నుంచి, అవతలి ఒడ్డున దింపిన కుర్చీలు ఎక్కించుకుని వస్తోంది. సరిగ్గా వెనక చివర, కామరాజు నిలబడ్డ చోట గుద్దింది. పడవ ఒక పక్కకి ఒరిగి మళ్లీ లేచింది. జంటకి దెబ్బలు తగిలాయి, వంశీధర్‌కి చెయ్యి విరిగింది, నాకు గీత కూడా పడలేదు. కామరాజుని నీళ్లలోంచి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

పోలీసులు రావడానికి గంట పట్టింది. ఆ గంటలో నేను చేసిన పని చెబుతాను వినండి. సీరియళ్లన్నీ పీకి గోనెసంచిలో కుక్కాను. తప్పు తమ మీదికి రాకూడదని రిసార్టు మేనేజరు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "తెల్ల లైటు ఎలుగుతుండె గదా? ఎలుగుతుండె," అని తనే అడిగి తనే జవాబు చెప్పి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగినప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎలుగుతుండె సార్. గుద్దినప్పుడు నీళ్లల్ల పడిపోయింది." ఆ దీపం నా భుజానికి వేలాడుతున్న సంచిలో ఉంది. నాకంటే నీచుడు ఉంటాడా చెప్పండి!

బోటు నడిపిన పిల్లాడు అనుదీప్, ఇరవై తొమ్మిదేళ్లు. తడిసి వణుకుతూ ఒకటే మాట. "పచ్చ లైటు చూసిన సార్. పచ్చ కనబడిందంటే అది నడుస్తున్నట్టు, నాకు కుడిదిక్కు పోతున్నట్టు. నేనొచ్చేటాళ్లకు ఆ జాగ ఖాళీ అయితదనుకున్న. తెల్లది లేదు సార్, మా అమ్మ తోడు, లేదు." ఆ పచ్చ సీరియళ్లు అతనికి పది అడుగుల దూరంలో నా గోనెసంచిలోనే ఉన్నాయి. జంట, వంశీధర్, నేను, పడవ మీదున్న నలుగురం ఒకే మాట చెప్పాం. అతని మాట ఎవరు నమ్ముతారు? నిర్లక్ష్యంగా నడిపి మనిషిని చంపాడని కేసు పెట్టారు.

పన్నెండు రోజులు బాగానే ఉన్నాను. పదమూడో రోజు సాయంత్రం షాపులో సీరియళ్లు నేల మీద పరిచి టెస్ట్ చేస్తున్నాను. ఎదురు బిల్డింగులో కోచింగ్ సెంటర్ కిటికీ దగ్గర ఒక తెల్ల వెలుగు కనబడింది. ట్యూబులైటు కాదు. మనిషి ఛాతీ ఎత్తులో, గుడ్డ చాటున ఉన్నట్టు మసకగా ఉంది. అటు చూడకూడదని వెనక్కి తిరిగాను. వెనక అల్మరా దగ్గర ఉంది. కుడికి తిరిగాను, ఉంది. ఎడమకి తిరిగాను, అక్కడా ఉంది. చుట్టూ ఎటు నుంచి చూసినా కనబడాలన్నాడు కదా. కళ్లు గట్టిగా మూసుకున్నాను. మూసుకున్నా ఉంది.

ఆ రోజు మొదలు ఏ ఒక్క రోజూ తప్పలేదు. పొద్దుగూకగానే వస్తుంది, తెల్లారితే పోతుంది. చచ్చినా రూలు తప్పని మనిషి! అమీర్‌పేట సంగతి మీకు తెలుసు, సాయంత్రం అయితే బోర్డుల లైట్లూ బండ్ల లైట్లూ కళ్లు చెదిరిపోతాయి. అంత వెలుగులో ఆ ఒక్కటే నాకు విడిగా కనబడేది. మెట్రో పిల్లర్ పక్కన, టిఫిన్ బండి వెనక, ఇంట్లో బట్టలారేసిన తీగ మధ్యన. భయపడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒకరోజు దుప్పటి కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాత మాట కూడా మొదలైంది. షాపు షట్టరు దించుతుంటే చెవి పక్కన, అదే మెత్తటి గొంతు, అదే మర్యాద.

"నిమిషం అయిందాండీ?"

తిట్టినా భరించేవాణ్ణి. గొంతు పట్టుకున్నా భరించేవాణ్ణి. అతను అలా మన్ననగా అడగటమే భరించలేకపోయేవాణ్ణి. షట్టరు సగంలో వదిలేసి ఇంటికి పరిగెత్తేవాణ్ణి. మా ఆవిడ స్వరాజ్యం ఊరుకుంటుందా? "ఎవరితోని గొణుగుతున్నవ్? షుగరు పెరిగిందా, బుద్ధి తగ్గిందా?" అని దెప్పేది. చివరికి తనే భయపడి, దర్గాకి తీసుకెళ్లి చేతికి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టిన సాయంత్రం కూడా కామరాజు వచ్చాడు. ఆ చెయ్యి వంకే చూస్తున్నట్టనిపించి చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

ఇలా పదకొండు నెలలు. మొన్న శుక్రవారం సాయంత్రం షాపులోకి ఒక అమ్మాయి వచ్చింది. చుడీదారు, భుజాన ఆఫీసు బ్యాగు, నిద్రలేని మొహం. లైట్ల సెట్లు కావాలేమో అనుకుని ఏ ఫంక్షన్ అని అడిగాను.

"నా పేరు మానస. అనుదీప్ భార్యను," అంది.

కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు.

"కేసు కాగితాలల్ల సాక్షులు అని మీ పేరు, షాపు అడ్రస్ చూసి వచ్చిన అంకుల్. కొట్లాడనీకి రాలే. ఒక సాయం అడుగుదామని వచ్చిన. ఆ తెల్ల లైటు ఎంత ఎత్తుల ఉండె, ఎట్ల కనబడ్తుండె, జర మా ఆయనకు వచ్చి చెప్తరా?"

"ఎందుకు బిడ్డ?" అన్నాను.

"ఆయనకు కండ్ల మీద నమ్మకం పోయింది అంకుల్. మూడు దవాఖానలు తిప్పిన. కండ్లు మంచిగున్నయ్ అంటున్నరు. ఈయన ఇంటలేడు. కండ్లు మంచిగుంటే అంతమంది చూసిన లైటు నాకొక్కనికే ఎందుకు కనబడలే అంటడు. పంజగుట్ట సిగ్నల్ కాడ బండి ఆపి, పచ్చ పడ్డా పోడు. మానసా, అది పచ్చనేనా అని నన్నడుగుతడు. వెనకోళ్లు హారన్లు కొట్టి తిడ్తుంటరు. ఇప్పుడు బండి కూడా ఇడిసిపెట్టిండు." కళ్లు తుడుచుకుంది. "సోమవారం వాయిదా. తప్పు ఒప్పుకుంట అంటుండు. జైలుకు పోతడు. లాయర్ సాబ్ వద్దంటున్నా ఇంటలేడు. ఆ లైటు ఎట్లుండెనో కండ్లార చూసినోళ్లు చెప్తే, ఏం చూడలేదో తెలుసుకోని పోత అంటుండు. పిచ్చోడు అయితుండు అంకుల్."

లేని లైటు ఎలా ఉందో వచ్చి చెప్పమని ఆ పిల్ల నన్ను బతిమాలుతోంది. ఛీ, నా బతుకు! నేను అబద్ధం చెప్పి అతన్ని కేసులో ఇరికించానని మాత్రమే అనుకున్నాను ఇన్నాళ్లూ. అతని కళ్లు కూడా నేనే పీకేశానని ఆ క్షణం వరకూ నాకు తెలియదు.

లోపల గోదాములో, వినాయకుడి సీరియళ్ల పెట్టె అడుగున, ఆ దీపం ఉంది. తీసి సంచిలో వేసుకున్నాను. షట్టరు దించాను. "పద బిడ్డ," అన్నాను.

నడిచే వెళ్లాం. మెట్రో లైను కింద, పిల్లర్ల పక్కగా, పంజగుట్ట వైపు. అప్పటికి పొద్దుగూకింది. ఎప్పుడూ పక్కనో వెనకో ఉండే ఆ వెలుగు ఆ రోజు మాత్రం నా ముందు నడిచింది. మానసకి ఏమీ కనబడటం లేదు, తన పాటికి తను నడుస్తోంది. చౌరస్తా దగ్గర రోడ్డు దాటడానికి ఆగాం. అప్పుడు వినబడింది.

"నిమిషం అయిందాండీ?"

"అయింది కామరాజూ," అన్నాను, పైకే. "ఎప్పుడో అయిపోయింది. నేనే చెప్పలే నీకు. తప్పయింది భాయ్."

మానస తిరిగి నా వంక భయంగా చూసింది. వెలుగు ఆరిందా అంటే, లేదు. ఇవాళ, ఆదివారం రాత్రి, ఇది చెబుతున్నప్పుడు కూడా గుమ్మం దగ్గర ఉంది. అది నాకు పడ్డ శిక్ష, దానికి వాయిదాలు లేవు.

వాళ్లిల్లు పంజగుట్ట లోపల, సందులో రెండో అంతస్తు. ఒక్కటే గది. అనుదీప్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డాడు. నా మీద అతనికి కోపం లేదు. నేను నిజం చెప్పాననీ, తనే తప్పు చూశాననీ అతని నమ్మకం. ఆ లేచి నిలబడటం నన్ను చంపేసింది.

"కూసో అంకుల్. ఆ లైటు గురించి జర అంతా చెప్పు," అన్నాడు.

దీపం తీసి స్టూలు మీద పెట్టాను. "ఇదే బిడ్డ ఆ లైటు. నీళ్లల్ల పడలే. నువ్వు రాకముందే నేను తీసి నా సంచిల ఏసుకున్న. నువ్వు గుద్దినప్పుడు ఆ పడవ మీద తెల్ల లైటు లేదు. కుడి పక్క పొడుగంత పచ్చ సీరియల్ ఉండె. నేనే కట్టిన. పోలీసులు రాకముందు నేనే పీకిన. కామరాజు సెల్లు లైటు పట్టుకుంటే, దాన్ని సుత దించమని నేనే అన్న. సోమవారం నీతోని వస్త. జడ్జి ముంగట గిదే చెప్త."

కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. అతను దీపాన్ని ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోలేదు.

"అంటే నా కండ్లు మంచిగనే ఉన్నయా అంకుల్?" అన్నాడు.

"మంచిగనే ఉన్నయ్ బిడ్డ. ఆ రోజు పడవ మీదున్నది ఉన్నట్టు చూసింది నువ్వొక్కనివే."

మానస అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక్కసారిగా కదిలి, తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా నిలబడింది. "మీకు దండం పెట్టాల్నో చెప్పుతోని కొట్టాల్నో నాకు తెలుస్తలేదు," అంది. "లాయర్ సాబ్ వచ్చేదాంక ఈడికెళ్లి కదలొద్దు. పోనిచ్చినమంటే మీరు మల్ల మాట మారుస్తరు." ఫోన్ తీసి నంబరు నొక్కింది. నేను ఎక్కడికీ పోనని చెప్పబోయి ఊరుకున్నాను. నా మాటకి విలువేముంది?

అనుదీప్ నా పక్కకి జరిగి నా మణికట్టు పట్టుకున్నాడు. "మల్లొక్కసారి చెప్పు అంకుల్," అన్నాడు. మొదటి నుంచీ చెప్పాను. అయిపోగానే, "మల్ల చెప్పు," అన్నాడు. మళ్లీ చెప్పాను. ప్రతిసారీ ఒకే చోట ఆపేవాడు.

"తెల్లది లేదు గదా?"

"లేదు బిడ్డ."

"నేను చూసింది పచ్చనే గదా?"

"పచ్చనే."

అప్పుడు తల ఊపేవాడు. కాసేపటికి మళ్లీ మొదటికి వచ్చేవాడు. లాయరు మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టేసరికి ఏడోసారి చెబుతున్నాను. మానస గడియ తీసింది. అనుదీప్ నా చెయ్యి వదల్లేదు, ఆయన ముందర ఇంకొక్కసారి చెప్పమన్నాడు.